సూదంటురాయి చల్లదనము నిచ్చునా?

మన యింటిలోని రేడియో పెట్టె వెనుక పలకను విప్పి చూచినచో లోపల లౌడుస్పీకరు కనిపించును. గరాటివంటి దాని కాగితపు అట్టకు వెనుకభాగమున బరువైన బిళ్ళ యొకటి యుండును. అది అయస్కాంతము. సంగీతము కాని, వార్తలు కాని, ఉపన్యాసము కాని మన చెవిని పడుటకు ఆ బిళ్ళ ముఖ్యాధారము. ట్రాన్సిస్టరు రేడియోలో మరియొక వస్తువు కూడ కలదు. సన్నని తీగ చుట్టబడిన నల్లని ఫెర్రైటు కడ్డీ అది. మీడియమ్ వేవ్ ప్రసారములను గాలిలోనుండి అందుకొనునది ఆ కడ్డీయే. ఈ రెండును అయస్కాంతధర్మము గల పదార్థములే.

అయస్కాంతము ఇనుమును ఆకర్షించునని బడిపిల్లలకును తెలియును. అది ఉత్తర దక్షిణములను చూపునని నావికులు శతాబ్దములుగా ఎరుగుదురు. కాని అయస్కాంతమును దగ్గరకు తెచ్చినంతనే కొన్ని లోహములు వెచ్చబడుననియు, దూరముగా తీసినంతనే చల్లబడుననియు చెప్పినచో చాలమంది నమ్మరు. నిప్పు లేదు, నీరు లేదు, రాపిడి లేదు. ఐనను వేడిమి పుట్టును, పుట్టిన వేడిమి పోవును. ఈ వింత యెట్లు జరుగును? ఏ వేళ ఎక్కువగా కనిపించును? దీనితో పాలు, పెరుగు, మందులు చల్లగా నుంచు యంత్రమును చేయవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుట మా ఉద్దేశము.

ఎఱ్ఱగా కాలిన ఇనుము

కొలిమి ముందు కూర్చుండు కమ్మరికి ఈ విషయములో మొదటి మెట్టు తెలిసియే యుండును. ఇనుపకడ్డీ చల్లగా నున్నపుడు అయస్కాంతము దానిని గట్టిగా పట్టును. అదే కడ్డీ కొలిమిలో బాగుగా ఎఱ్ఱబారిన పిమ్మట అయస్కాంతము దానిని పట్టదు. చల్లారిన తరువాత మరల పట్టును. ఉక్కు పనిముట్లకు పదను పెట్టువారు కొందరు ఈ గుర్తునే ఆధారముగా గొందురు. అయస్కాంతము విడిచినదాక కాల్చి, ఆపై మరికొంత వేడిచేసి, అప్పుడు నీటిలోనో నూనెలోనో ముంచుదురు.

ఎఱ్ఱగా కాలిన ఇనుము అయస్కాంతమునకు లొంగదని ఆంగ్లవైద్యుడు విలియమ్ గిల్బర్టు 1600లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. కాని ఏ ఉష్ణోగ్రతవద్ద ఈ మార్పు వచ్చును, క్రమక్రమముగా వచ్చునా, ఒక్కసారిగా వచ్చునా యను సంగతులను శ్రద్ధగా కొలిచినవాడు పారిసు నగరమునకు చెందిన పియరీ క్యూరీ. ఆయన 1895లో డాక్టరు పట్టమునకై సమర్పించిన పరిశోధన ఇదియే. రేడియము కథలో మన మెరిగిన మేరీని ఆయన వివాహమాడినదియు ఆ సంవత్సరమే. అయస్కాంతధర్మము నశించు ఉష్ణోగ్రతకు నేడు క్యూరీ ఉష్ణోగ్రత యని పేరు.

ఈ ఉష్ణోగ్రత లోహమునకొక తీరుగ నుండును. ఇనుమునకు 770 సెంటిగ్రేడు డిగ్రీలు. కోబాల్టునకు సుమారు 1,120. నికెలునకు సుమారు 355. ఇక విరళమృత్తికలను లోహముల కుటుంబములో గాడోలినియమ్ అను వెండివంటి లోహమొకటి కలదు. దాని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు మాత్రమే! ఈ సంగతిని 1935లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. హైదరాబాదులో పుష్యమాసపు తెల్లవారుజామున గాడోలినియమ్ ముక్క అయస్కాంతమునకు బాగుగా అంటుకొనును. రోహిణికార్తె మధ్యాహ్నమున అదే ముక్కకు ఆ పట్టు చాలవరకు సడలిపోవును. కొలిమి అక్కరలేదు, ఎండయే చాలును. ఈ లోహమును పాఠకులు గుర్తుంచుకొనవలెను; మన కథకు నాయకుడు ఇతడే.

క్రమము, కలత

ఈ మార్పు ఎందుకు వచ్చును? ఇనుములోని ప్రతి పరమాణువును ఒక చిన్న అయస్కాంతమువంటిది. దానిలోని ఎలక్ట్రానులు స్వభావసిద్ధముగా ఆ ధర్మము కలిగియున్నవి. పరమాణువు లన్నియు ఒకే దిక్కునకు మొగము పెట్టినచో వాటి బలములన్నియు కూడి ముక్క యంతయు అయస్కాంతమగును. తలకొక దిక్కు చూచినచో ఒకదాని బలమును మరియొకటి రద్దు చేయును.

బడి ఆవరణలో ప్రార్థనకు నిలిచిన పిల్లలను తలచుకొందము. ప్రతి పిల్లవాడును తన ప్రక్కవాని జూచి తాను నిలుచును. ప్రక్కవాడు తూర్పునకు తిరిగి యున్నచో తానును తూర్పునకే తిరుగును. ఈ విధముగ వందలమంది ఒకే దిక్కు చూతురు. పరమాణువులలో నిట్టి ఇరుగు పొరుగు ప్రభావము కలదని 1907లో పియరీ వీస్ అను శాస్త్రజ్ఞుడు ఊహించెను. దానికి మూలకారణమును 1928లో హైసెన్‌బర్గు నూతన భౌతికశాస్త్రము ననుసరించి వివరించెను.

ఇప్పుడు పిల్లలకు అల్లరి పుట్టినదనుకొందము. అల్లరి కొలదిగా నున్నంతవరకు వరుస చెడదు; అక్కడక్కడ నొకడు ప్రక్కకు చూచి మరల సర్దుకొనును. అల్లరి హెచ్చినకొలది పక్కచూపులు చూచువారు ఎక్కువగుదురు. ప్రక్కవానిని చూచి నిలుచుటకు ప్రక్కవాడే స్థిరముగా లేడు. అప్పుడు వరుస త్వరత్వరగా సడలి, ఒక హద్దు దాటగానే బొత్తిగా మాయమగును. పదార్థములో ఈ అల్లరియే వేడిమి. ఆ హద్దే క్యూరీ ఉష్ణోగ్రత. వరుసలో నిలిచిన స్థితి యొకటి, చెల్లాచెదరైన స్థితి యొకటి. ఒకదానినుండి మరియొకదానికి పోవుటను స్థితి పరివర్తన మందురు.

సరిహద్దువద్ద వేడిమి లెక్క

స్థితి పరివర్తనములు రెండు రకములు. మొదటిది మంచు కరగుటవంటిది. గ్లాసులోని మంచునకు వేడిమి తగులుచున్నను, మంచంతయు కరగువరకు దాని ఉష్ణోగ్రత సున్న డిగ్రీలను దాటదు. ఆ వేడిమి యంతయు గట్టిదనమును చెడగొట్టుటకే ఖర్చగును. దీనిని గుప్తోష్ణమందురు. నీరు గడ్డకట్టునపుడు అంత వేడిమియు మరల బయటపడును.

ఇనుము అయస్కాంతధర్మమును కోల్పోవుట రెండవ రకము. ఇందు గుప్తోష్ణము లేదు. వరుస ఒక్కసారిగా కూలక, క్రమముగా సడలి హద్దువద్ద సున్న యగును. ఐనను వేడిమి లెక్కలో దాని జాడ స్పష్టముగా కనిపించును. గ్రాము ఇనుమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన ఉష్ణము క్యూరీ ఉష్ణోగ్రతను సమీపించినకొలది పెరిగి, 770 డిగ్రీల వద్ద మామూలు ఉష్ణోగ్రతలో నున్నదానికంటె రెండింతలకు పైబడి శిఖరమువలె లేచి, హద్దు దాటగానే పడిపోవును. కారణము సుబోధమే. మనమిచ్చిన వేడిమిలో ఒక పాలు పరమాణువుల కంపనమును హెచ్చించును. మరియొక పాలు వరుసను చెడగొట్టుటకు పోవును. వరుస ఎక్కడ అతివేగముగా చెడునో అక్కడ ఈ రెండవ ఖర్చు హెచ్చు.

ఉక్కులో మరియొక చిత్రము కలదు. ఎఱ్ఱగా కాలిన ఉక్కుతీగ చల్లారుచు మసకబారుచు నుండగా, ఒకానొక క్షణమున దానంతటదే మరల వెలిగి, పిమ్మట చల్లారును. 1873లో బారెట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి, తీగకు అయస్కాంతధర్మము మరల వచ్చుటయు ఆ సమయముననే యని గమనించెను. ఇది కేవలము అయస్కాంతముల వరుసవలన కలిగినది కాదు. ఉక్కులోని స్ఫటికనిర్మాణమే మారి, గుప్తోష్ణము బయటపడుటచేత ఆ వెలుగు వచ్చును. ఒకే లోహపు ముక్కలో ఈ రెండు రకముల మార్పులును ఇంత దగ్గరగా నుండుట గమనింపదగినది. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును.

అన్నము వండు యంత్రములోని కాపలాదారు

క్యూరీ ఉష్ణోగ్రత ప్రయోగశాలకు మాత్రమే చెందినదని తలచరాదు. విద్యుత్తుతో అన్నము వండు కుక్కరు చాల యిండ్లలో నున్నది. అన్నము ఉడుకగానే అది టక్కున చప్పుడుచేసి తనంత తానే ఆగిపోవును. అన్నము ఉడికినదని దాని కెవరు చెప్పిరి?

మామూలు కుక్కరులో గిన్నె అడుగుభాగమునకు తాకుచు ఒక చిన్న బిళ్ళ యుండును. దానిలోపల ప్రత్యేకముగా తయారుచేసిన ఫెర్రైటు ముక్కయు, దానిని పట్టుకొనియుండు అయస్కాంతమును, వాటిని విడదీయజూచు స్ప్రింగును ఉండును. గిన్నెలో నీరున్నంతసేపు అడుగు ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలవద్ద నిలిచియుండును. అదనపు వేడిమి అంతయు నీరు ఆవిరియగుటకు పోవును. నీరంతయు బియ్యములో ఇంకిపోయి, మిగిలినది ఆవిరియైన వెంటనే ఉష్ణోగ్రత పైకి లేచును. ఆ ఫెర్రైటు క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 103 డిగ్రీలుండునట్లు కూర్చబడినది. ఆ హద్దు చేరగానే అది అయస్కాంతమునకు లొంగదు, స్ప్రింగు గెలుచును, మీట పైకి లేచి పెద్ద మంట ఆగును. ఇక్కడ రెండు స్థితి పరివర్తనములు చేయి కలిపి పని చేయుచున్నవి. నీటి పరివర్తనము గిన్నెను 100 డిగ్రీలవద్ద నిలుపును. అయస్కాంత పరివర్తనము నీరు అయిపోయిన సంగతిని కనిపెట్టును.

రెండు గాదెల లెక్క

ఇంతవరకు వేడిమి అయస్కాంతమును ఏమి చేయునో చూచితిమి. ఇక అయస్కాంతము వేడిమిని ఏమి చేయునో చూడవలెను. ఒకటి రెండవదానిని మార్చగలిగినచో రెండవది మొదటిదానిని మార్చకుండునా యని మొట్టమొదట శాస్త్రీయముగా తర్కించినవాడు విలియమ్ థామ్సన్. తరువాత లార్డు కెల్విన్ అను పేరుతో ప్రసిద్ధుడైనది ఈయనయే. ఉష్ణశాస్త్రసూత్రములనుబట్టి, తగినంత వేడిగానున్న ఇనుమును అయస్కాంతమువద్దకు తెచ్చినచో వెచ్చబడవలెననియు, దూరముగా తీసినచో చల్లబడవలెననియు ఆయన 1860లో వ్రాసెను.

దానికి ప్రత్యక్ష నిదర్శనము చాల ఆలస్యముగా లభించెను. జూరిచ్ నగరమున పియరీ వీస్, ఆగస్టు పికార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నికెలును దాని క్యూరీ ఉష్ణోగ్రతకు సమీపమున నుంచి, 15,000 గౌసుల బలముగల అయస్కాంతక్షేత్రమును ప్రయోగించిరి. నికెలు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీ పెరిగెను. క్షేత్రమును తీసివేయగా అంతే తగ్గెను. దీనిని వారు 1917లో ప్రకటించిరి. మన ప్రాంతములో భూమియొక్క అయస్కాంతక్షేత్రము ఇంచుమించు 0.4 గౌసు మాత్రమే యని జ్ఞప్తి యుంచుకొన్నచో వారు వాడిన క్షేత్రమెంత బలమైనదో తెలియును. ఈ పికార్డే 1931లో బెలూనులో 15 కిలోమీటర్లకు పైగా ఎత్తునకు ఎగిరి లోకప్రసిద్ధుడాయెను.

ఇనుమును అటునిటు అయస్కాంతీకరించినపుడు కొంత వేడిమి వ్యర్థముగా పుట్టునని జర్మనీ శాస్త్రజ్ఞుడు వార్బర్గు 1881లోనే చూపెను. కాని అది రాపిడివంటిది. ఎల్లపుడు వేడిచేయునే కాని ఎన్నడును చల్లబరచదు. వీస్, పికార్డ్ కనుగొన్నది ఇటు వేడియు అటు చల్లదనమును సమముగా నిచ్చునది. దానికి వారు పెట్టిన పేరు అయస్కాంతోష్ణ ప్రభావము.

ఇది ఎట్లు జరుగునో రెండు గాదెల పోలికతో చెప్పెదము. ఒక కుటుంబమునకు రెండు ధాన్యపు గాదెలు గలవనుకొందము. బయటినుండి ధాన్యము రాదు, బయటికి పోదు. అప్పుడు ఒక గాదె తగ్గినచో రెండవది పెరుగక తప్పదు. పదార్థములో ధాన్యమునకు బదులుగా నున్నది కలత, అనగా క్రమరాహిత్యము. శాస్త్రజ్ఞులు దీనినే ఎంట్రోపీ యని కొలుతురు. పరమాణువుల చూపులలోని కలత ఒక గాదె. వాటి కంపనములలోని కలత రెండవ గాదె. బయటికి వేడిమి పోవుటకు వ్యవధి లేకుండ చప్పున క్షేత్రమును ప్రయోగించినచో పరమాణువులన్నియు ఒకే దిక్కునకు తిరుగును. మొదటి గాదె తగ్గినది. కనుక రెండవ గాదె నిండవలెను. అనగా కంపనము హెచ్చవలెను. కంపనము హెచ్చుటయే వేడెక్కుట. క్షేత్రమును తీసివేసినపుడు పరమాణువులు మరల చెదరును, ఆ కలతకు కావలసిన ధాన్యము కంపనముల గాదెనుండి వచ్చును, ముక్క చల్లబడును.

వేసవిలో మన మట్టికుండ చేయునదియు ఇటువంటిదే. కుండ చెమ్మగిల్లి, పైనున్న నీరు ఆవిరియగునపుడు, క్రమముగానున్న ద్రవము చెదరి వాయువగుటకు వలసిన ఉష్ణమును కుండనుండి తీసికొనును. కుండలో నీటి అణువులు చెదరును. గాడోలినియమ్‌లో అయస్కాంతపు చూపులు చెదరును. కుండ నీరు ఎగిరిపోవును, మరల పోయవలెను. లోహములో ఏమియు ఎగిరిపోదు. ఎన్నిమారులైనను త్రిప్పి త్రిప్పి చేయవచ్చును.

ఈ ప్రభావము క్యూరీ ఉష్ణోగ్రతకు దగ్గరగా ఎందుకు హెచ్చు? చాల తక్కువ ఉష్ణోగ్రతలో పిల్లలు ముందే వరుసలో నున్నారు; పంతులు వచ్చి కేక వేసినను కొత్తగా కూర్చవలసిన వరుస లేదు. చాల ఎక్కువ ఉష్ణోగ్రతలో అల్లరి మితిమీరి పంతులు కేక వినిపింపదు. ఆ రెండింటి నడుమ, వరుస చెడుటకు సిద్ధముగానున్న సరిహద్దువద్ద, ఒక్క కేకకు వందలమంది సర్దుకొందురు. చిన్న కారణమునకు పెద్ద ఫలము వచ్చునది అక్కడనే.

అతిశీతలమునకు దారి

ఈ ప్రభావము మొదట పనికివచ్చినది ఇంటిలో కాదు, అత్యంత శీతల పరిశోధనలో. ప్రకృతిలో చల్లదనమునకు కడపటి హద్దు సున్నకు క్రింద 273.15 డిగ్రీలు, దీనినే పరమశూన్యమందురు. హాలండు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓన్నెస్ 1908లో హీలియము వాయువును ద్రవముగా మార్చి, పరమశూన్యమునకు సుమారు 4 డిగ్రీల దూరమునకు చేరెను. ద్రవహీలియమును ఆవిరి చేయించి ఒక డిగ్రీ దరిదాపులకు పోవచ్చును. ఆపైన ఆ మార్గము మూసికొనిపోయెను.

అప్పుడు 1926లో డిబై, 1927లో జియాక్ అను ఇరువురు, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, ఒకే ఉపాయమును సూచించిరి. కొన్ని లవణములలో పరమాణు అయస్కాంతములు అంతటి శీతలములో కూడ చెదరియే యుండును. వాటిని హీలియముతో చల్లబరచుచు క్షేత్రమును ప్రయోగించవలెను. పుట్టిన వేడిమిని హీలియము తీసికొని పోవును. పిదప బయటి సంబంధము తెంచి క్షేత్రమును తీసివేయవలెను. 1933లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జియాక్, మాక్‌డూగల్ ఇట్లు చేసి, గాడోలినియమ్ సల్ఫేటు లవణమును 1.5 డిగ్రీనుండి పరమశూన్యమునకు 0.25 డిగ్రీ దూరమునకు తెచ్చిరి. జియాక్‌కు 1949లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. 2023లో జపాను ప్రయోగించిన ఎక్స్‌రిజమ్ అను ఉపగ్రహములో, నక్షత్రముల ఎక్స్ కిరణములను కొలుచు సాధనమును 0.05 డిగ్రీవరకు చల్లబరచునది ఈ పద్ధతియే.

ఇక్కడ గమనింపదగిన కీలకమొకటి కలదు. అయస్కాంతమును దగ్గరకు తెచ్చి, తీసివేసి ఊరకున్నచో వస్తువు మొదటి ఉష్ణోగ్రతకే వచ్చును, లాభము లేదు. నడుమ పుట్టిన వేడిమిని బయటికి తోసివేసినపుడే తీసివేతలో నిజమైన చల్లదనము చేకూరును. శీతలయంత్రమునకు ప్రాణము ఈ నడుమ మెట్టులోనే యున్నది.

ఇంటి ఉష్ణోగ్రతలో

మన కథానాయకుడైన గాడోలినియమ్ ఇప్పుడు రంగమున ప్రవేశించును. దాని సరిహద్దు 20 డిగ్రీలవద్ద నుండుటచే గదిలోనే ఈ ప్రభావము బలముగా కనిపించును. 20,000 గౌసుల క్షేత్రములో అది సుమారు 5, 6 డిగ్రీలు వేడెక్కును. 5 డిగ్రీలతో పాలు చల్లబడునా యని గృహిణులు అడుగవచ్చును. ఒక్క అంగలో చల్లబడవు. కాని మేడ ఎక్కుటకు మెట్లున్నవి కదా!

1976లో అమెరికా అంతరిక్షపరిశోధన సంస్థయైన నాసాలో బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు ఈ మెట్లను కట్టెను. గాడోలినియమ్ పలకలను ద్రవపు నిలువు గొట్టములో ఉంచి, క్షేత్రము ఉన్నపుడు ఒక చివరకును, లేనపుడు మరియొక చివరకును మరల మరల నడిపెను. వేడిమి మెల్లగా ఒక చివరకు చేరి, రెండవ చివర చల్లబడుచు పోయెను. ఒక్కొక్క మారు కొలది డిగ్రీల లాభమే ఐనను, అనేక ఆవృత్తుల పిమ్మట రెండు చివరలకు నడుమ 47 డిగ్రీల తేడా ఏర్పడెను. చల్లని చివర నీరు గడ్డకట్టు ఉష్ణోగ్రతకు చేరెను. దీనికి ఆయన 70,000 గౌసుల క్షేత్రమును వాడవలసివచ్చెను. అట్టి క్షేత్రము ఇంటిలో పెట్టుకొనదగినది కాదు.

తరువాత చేసిన యంత్రములలో లోహపు పొడియో పలకలో నిలిచియుండగా నీటిని అటునిటు పంపుదురు. క్షేత్రము ప్రయోగింపగానే లోహము వేడెక్కును. అప్పుడు చల్లని చివరనుండి వేడి చివరకు పోవు నీరు ఆ వేడిమిని బయటికి మోసికొనిపోవును. క్షేత్రము తీయగానే లోహము చల్లబడును. అప్పుడు ఎదురుగా పోవు నీరు ఆ చల్లదనమును లోపలి అరకు చేర్చును. ఈ నాలుగు మెట్లే యంత్రమంతయు.

1997లో అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో పెచార్‌స్కీ, ష్నైడ్నర్ అను శాస్త్రజ్ఞులు గాడోలినియమ్, సిలికాను, జెర్మేనియములను కలిపిన మిశ్రమలోహములో ఇంతకు దాదాపు రెండింతల ఎంట్రోపీ మార్పును చూచిరి. దీని రహస్యము పైని చెప్పిన భేదములో నున్నది. ఈ పదార్థపు పరివర్తనము మొదటి రకమునకు చెందినది. అయస్కాంతపు వరుసయు స్ఫటికనిర్మాణమును ఒక్కసారిగా మారును. గుప్తోష్ణము కూడ లెక్కలో చేరును. ఇనుము, రోడియము కలిసిన మిశ్రమము మరింత చిత్రమైనది. సుమారు 40 డిగ్రీలవద్ద క్షేత్రమును ప్రయోగించినచో అది వేడెక్కుటకు బదులు చల్లబడును. 1990లో రష్యా శాస్త్రజ్ఞులు దీనిలో సుమారు 13 డిగ్రీల తగ్గుదలను కనుగొనిరి. రోడియము బంగారమువలె అరుదైన లోహమగుటచే దానిని యంత్రములలో పోయలేము.

లాభమెంత? చిక్కులెన్ని?

ఇంత శ్రమ ఎందుకు? నేటి రిఫ్రిజిరేటరులో కంప్రెసరు ఒక వాయువును నొక్కి ద్రవముగా చేయుచు, మరల ఆవిరి కానిచ్చుచు చల్లదనమును తెచ్చును. పూర్వము వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఆకాశములోని ఓజోను పొరను చెరచుచున్నవని తెలిసి, 1987 మాంట్రియలు ఒప్పందముతో వాటిని మాన్పింపసాగిరి. వాటి స్థానమున వచ్చినవానిలో ముఖ్యమైన యొక వాయువు ఓజోనుకు హాని చేయదు. కాని నూరేండ్ల లెక్కలో, తూకమునకు తూకము, బొగ్గుపులుసు గాలికంటె సుమారు 1,400 రెట్లు హెచ్చుగా భూమిని వేడెక్కించును. ఇటువంటివానిని తగ్గించుటకు 2016లో కిగాలిలో మరియొక ఒప్పందము కుదిరెను. మన దేశము 2021లో దానిని ఆమోదించెను. క్రొత్త ఇంటి రిఫ్రిజిరేటరులు పెక్కింటిలో ఐసోబ్యూటేనును వాడుచున్నారు. అది భూమిని అంతగా వేడెక్కింపదు కాని మండు స్వభావము కలది. ఇండ్లు, అంగళ్ళు, ఆసుపత్రులు చల్లదనమును కోరుట పెరుగుచునే యున్నది. ఒకచోట చల్లదనము కొరకు లోకమంతటిని వేడెక్కించుట తగునా యను ప్రశ్న ఇందున్నది. లోహములో ఒలికిపోవు వాయువు లేదు. అదియే దాని ఆకర్షణ.

చిక్కులు మాత్రము తక్కువవి కావు. మొదటిది అయస్కాంతము. ఇంటి యంత్రములో శాశ్వతాయస్కాంతములనే వాడవలెను. అవి 10,000 గౌసులకు కొంచెము పైగా క్షేత్రమునిచ్చును. వాటిలోని నియోడిమియము ఖరీదైనది. రెండవది మొదటి రకపు పరివర్తనములో నున్న మొండితనము. మంచు కరగుట సున్న డిగ్రీలవద్ద నైనను, నిర్మలమైన నీరు గడ్డకట్టుటకు కొంత ఆలసించును. అట్లే ఈ మిశ్రమలోహములు పోవునపుడొక హద్దును, వచ్చునపుడొక హద్దును పాటించును. ఆ తేడాలో కొంత శక్తి వార్బర్గు చూపిన విధముగా వృథా యగును. వేలమారులు సాగి ముడుచుకొన్న పిదప కొన్ని లోహములు చిట్లును. రెండవ రకపు గాడోలినియమ్ నమ్మకస్థుడు కాని అల్పబలుడు. మొదటి రకపు మిశ్రమము బలశాలి కాని మొండివాడు. ఈ ఇరువురి మంచిగుణములు ఒకచోట చేర్చుటయే నేటి పరిశోధనల సారాంశము.

ఈ ప్రయత్నములో లాంథానము, ఇనుము, సిలికాను కలిసిన మిశ్రమము ఆశాజనకముగా నున్నది. దానిలో అధికభాగము ఇనుమే. కొంచెము హైడ్రోజనును చేర్చి దాని క్యూరీ ఉష్ణోగ్రతను గది ఉష్ణోగ్రతకు తేవచ్చును. ఇందు మన తీరమునకును సంబంధము కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల సముద్రపుటొడ్డు ఇసుకలో మోనజైటు అను బరువైన ఖనిజము కలిసియున్నది. దానిలో సీరియము, లాంథానము, నియోడిమియము హెచ్చుగాను, గాడోలినియమ్ కొలదిగాను ఉన్నవి. మోనజైటులో థోరియముకూడ ఉండుటచే దానిని వెలికితీయుట ప్రభుత్వ నియంత్రణలో జరుగవలసిన పని.

ఇంటిలో నుంచుకొనదగిన అయస్కాంత రిఫ్రిజిరేటరు నమూనాలను కొన్ని సంస్థలు ప్రదర్శించినవి. ఐనను సామాన్యగృహముల అంగడిలో అది ఇంకను కంప్రెసరు స్థానము నాక్రమింపలేదు. అది వచ్చు తేదీని మేము జోస్యము చెప్పజాలము. 0.7 డిగ్రీతో మొదలైన సంగతి నూరేండ్లలో ఇంతదూరము వచ్చినదని మాత్రము చెప్పగలము.

ఈలోగా గృహస్థులకు ఉపయోగించు మాట యొకటి. అయస్కాంతములను అనవసరముగా వేడిచేయరాదు. స్పీకరులోని మామూలు ఫెర్రైటు బిళ్ళ క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీలు కనుక వంటయింటి వెచ్చదనము దానినేమియు చేయదు. చిన్నవియు మిక్కిలి బలమైనవియునగు నియోడిమియము అయస్కాంతములు క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 310 ఐనను, మామూలు రకములు 80 డిగ్రీలు దాటగానే కొంత బలమును శాశ్వతముగా కోల్పోవచ్చును. హద్దు చాల దూరమున నున్నను వరుస అంతకుముందే సడలనారంభించును గదా. అందుచే వాటిని పొయ్యి ప్రక్కను, మరుగునీటిలోను ఉంచకుండుట మేలు.